క్యాలెండరులో లేని నంబరు

రవాణా ఆఫీసు గోడవారన, రేకు కింద కూర్చుని అర్జీలు, బండ్ల ఇన్సూరెన్స్ కాగితాలు రాసిపెట్టే ఆమెను అందరూ కాగితాలక్క అంటారు. ఎవరి ఇన్సూరెన్స్ ఏ రోజు తీరిపోతుందో క్యాలెండరులో ఆ తేదీ గడిలో బండి నంబరు రాసుకుంటుంది. ముందురోజే ఫోన్ చేసి మరీ తిడుతుంది. "ఇది నీకోసం కాదు నాయనా, నువ్వు గుద్దేవాడికోసం. అందుకే చట్టం తప్పనిసరి చేసింది" అని రోజుకు పదిసార్లు చెబుతుంది.

ఆ రోజు వచ్చినావిడ కళ్ళు వాచి ఉన్నాయి. భర్త గోడలకు రంగులు వేస్తాడు. మొన్న సాయంత్రం పని నుంచి నడిచి వస్తుంటే మోటారుసైకిలొకటి గుద్ది, ఆగకుండా పోయింది. రెండు కాళ్ళూ విరిగాయి.

"ఇక నిచ్చెన ఎక్కలేడన్నారక్కా. బండి నడిపేవాళ్ళందరికీ ఇన్సూరెన్స్ ఉండాలి కదా?"

"ఉండాల్సిందే. లేకుండా రోడ్డెక్కడమే తప్పు. నంబరు ఎవరైనా చూశారా?"

ఆవిడ గుప్పిట్లోంచి చీటీ తీసిచ్చింది.

కాగితాలక్క చదివింది. మళ్ళీ చదివింది. తను కొని తమ్ముడికిచ్చిన బండి అది. మొన్న హెడ్‌లైటు పగిలితే "గోడకి తగిలిందక్కా" అని, తిండి తినకుండా పడుకున్నాడు.

క్యాలెండరు నిండా ఊళ్ళోవాళ్ళ నంబర్లే. ఇంటి బండికి గుర్తెందుకులే అని తనది ఎన్నడూ రాసుకోలేదు. గడువు తీరి తొమ్మిది రోజులైంది. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితిలో పడ్డట్టయింది. నంబరు తప్పని ఒక్క మాట అంటే చాలు, ఈవిడ లేచి వెళ్ళిపోతుంది. అమ్మ పోయాక తను చంకనేసుకు పెంచిన తమ్ముడు ఇంట్లోనే ఉంటాడు.

"ఇన్సూరెన్స్ ఉంటుందిగా అక్కా?"

"లేదమ్మా."

తెల్లకాగితం తీసి ఫిర్యాదు రాయడం మొదలుపెట్టింది. నడిపినవాడి పేరు రాసింది. బండి యజమాని అన్నచోట తన పేరు రాసింది.

"పేర్లు నేను చెప్పలేదు కదక్కా?"

"బండి నాది. నడిపింది నా తమ్ముడు. ఇక్కడ సంతకం పెట్టు. స్టేషనుకి నేనూ వస్తాను."

ఆవిడ పెన్ను అందుకోలేదు. ఆ రెండు పేర్ల వైపు చూసింది.

"కాస్త ఆగి, లేవదీసి పోయినా బాగుండేదక్కా" అంది.