ప్రేమ్ చేతి మీది అక్షరం

ప్రేమ్ ముంజేతి మీద చైనా అక్షరం ఒకటి ఉంది. నిరుడు నిజామాబాద్‌లో పచ్చబొట్టు పొడిపించుకొని వచ్చి, చైనా భాషలో ఇది నీ పేరేనని పెళ్లాంతో చెప్పాడు. త్రివేణి మురిసి ముక్కలైంది. ఆమె బోధన్‌లో జాకెట్లకు మగ్గం వర్క్ చేస్తుంది. కొలతలు ఇవ్వడానికి వచ్చిన ప్రతి ఆడమనిషీ ఆ పచ్చబొట్టు సంగతి వినకుండా ఇల్లు దాటలేదు.

పెళ్లిరోజుకు అదే అక్షరం కుట్టిన తెల్ల లాల్చీ ఇవ్వాలని ఆమె ఆశ. ఆదివారం మధ్యాహ్నం అతను కునుకు తీస్తుంటే చేతిని ఫొటో తీసుకుంది. మర్నాడు అతను చెరుకు లారీ తీసుకొని పోగానే లాల్చీని మగ్గానికి బిగించి కూర్చుంది. పైన చిన్న పందిరి, దాని కింద కాళ్లు చాపిన మనిషి. ఆమె కంటికి అక్షరం అట్లా ఉండేది. ఒక్క గీత తప్పిపోకూడదని రెప్ప వాల్చకుండా చూసి చూసి కుట్టింది.

కుట్టడం అయ్యేసరికి పందిరి విడిపోయింది. మనిషి కాళ్లు ఎటో పోయాయి. గీతలన్నీ ఉన్నాయి, అక్షరమే లేదు. ఫొటో చూస్తే అదీ అంతే. ఒకే అక్షరాన్ని అదేపనిగా చూస్తే మెదడు అలసి అట్లా ఆటపట్టిస్తుందని, ఆ రాతతో పుట్టి పెరిగినవాళ్లకూ ఇది మామూలేనని ఆమెకు చెప్పేవాళ్లెవరు? టాటూ వేసినవాడే పిచ్చిగీతలు గీసి, అమాయకుడైన తన మొగుణ్ని బురిడీ కొట్టించాడని ఆమెకు ఒళ్లు మండిపోయింది.

సాయంత్రం ప్రేమ్ కాళ్లు కడుక్కొని వచ్చి కూర్చోగానే అతని చెయ్యి పట్టుకుంది.

"గా టాటూ ఆయన నిన్ను మోసం చేసిండు. గిది నా పేరు కాదు. రేపు పోయి అడుగుదాం పా."

ప్రేమ్ చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"నీకెవరు చెప్పిండ్రు? నిఖితనేనా?"

నిఖిత అనే పేరే త్రివేణి ఎన్నడూ వినలేదు. ఆమె నోరు తెరిచేలోగా అతనే అంతా చెప్పుకున్నాడు. చెరుకు లారీలు తూచే కాంటా దగ్గర చీటీలు రాసే పిల్లట. చాన్నాళ్లుగా నడుస్తోందట. చేతి మీదిది ఆమె పేరట.

"తెలుగుల రాయిస్తే నువ్వు సదువుతవని గిట్ల రాయించిన," అన్నాడు తల దించుకొని.

త్రివేణికి ఏడుపు కూడా రాలేదు. అతను చేసిన పని ఒక ఎత్తు, ఏడాది పొడుగునా ఊరందరికీ తన నోటితో చెప్పించడం ఒక ఎత్తు. అది ఆమెను కోసేసింది. అతని కోసమే కదా ఇప్పటిదాకా టాటూవాడి మీద కత్తులు నూరింది!

పొద్దున్నే కుట్టు విప్పేద్దామని కత్తెర తీసుకొని మగ్గం దగ్గరికి పోయింది. రాత్రంతా దాని వైపు చూడలేదేమో, అక్షరం మళ్లీ నిండుగా కనపడింది. పైన పందిరి, కింద కాళ్లు చాపిన మనిషి. ఒక్క గీత కూడా తప్పిపోలేదు. నిఖిత పేరును ఆమె తన చేతులతో ఎంతో పొందికగా కుట్టి పెట్టింది.