ముందు ఎడమ పక్క

ఊళ్లో వంతెన కొట్టుకుపోయిన వరద వచ్చిన రెండో ఏడు. లారీ డ్రైవరు తన అక్కని వెంటబెట్టుకుని విదేశంలో ఉన్న కూతురింటికి వెళ్లాడు. కూతురు పురిటి మంచం దిగి పది రోజులైంది. తల్లి లేని ఆ పిల్లని పెంచింది మేనత్తే. ఇప్పుడు ఆ పిల్ల కన్న పాపకి నీళ్లు పొయ్యడానికే అంత దూరం వెళ్లింది.

దిగిన రోజే కూతురు చెప్పింది.

"నాన్నా, ఇక్కడ బళ్లు మన దేశంలోలా కాదు, రోడ్డుకి కుడి పక్కన నడుస్తాయి. దాటేముందు ఎడమకి చూడు. సిగ్నల్ స్తంభానికున్న మీట నొక్కు. పచ్చ మనిషి బొమ్మ వెలిగాకే కాలు పెట్టు."

"నాకు రోడ్డు నేర్పుతున్నావా? ముప్పై ఎనిమిదేళ్లు లారీ తోలాను. కోడిపిల్లని కూడా తొక్కించలేదు."

"వినరా, ఇక్కడ నీకు హారన్ లేదు," అని నవ్వింది అక్క.

మూడోనాడు పాలకి అక్కాతమ్ముళ్లిద్దరూ బయలుదేరారు. రోడ్డు దాటే చోట ఎర్ర బొమ్మ వెలుగుతోంది.

"ఆగరా."

"బొమ్మ చెబితే ఆగేవాణ్ణా నేను?"

అలవాటు కొద్దీ కుడికి చూశాడు. ఖాళీ. ఒక చేత్తో అక్కని పట్టుకుని, రెండో చెయ్యి అడ్డంగా చాచి దిగాడు. రెండడుగులు వేశాడో లేదో, ఎడమ నుంచి వ్యాను కీచుమంది. ఆయన వెనక్కి గెంతాడు. గెంతినప్పుడు అక్క చెయ్యి వదిలేశాడు.

వ్యాను జానెడు దూరంలో ఆగింది. అక్క మాత్రం పడిపోయింది. కుడి మణికట్టు విరిగింది.

ఆసుపత్రికి పరిగెత్తుకొచ్చింది కూతురు. "ఎలా జరిగింది నాన్నా?"

"ఏం చెప్పనమ్మా! ఆగమంటున్నా దిగిపోయింది."

అన్నాక గానీ ఏమన్నాడో ఆయనకి తెలియలేదు. అక్క తమ్ముడి మొహం చూసింది. తర్వాత కట్టు చూసుకుంది.

"అవునే. తొందర నాదే."

"చిన్నపిల్లవా అత్తా? నీ చేతికి పాపనెలా ఇచ్చేది?" అని కూతురు ఏడ్చింది. అల్లుడు నెమ్మదస్తుడు. వారంలో ఆవిణ్ణి తిరిగి ఊరికి పంపిద్దామని మాత్రం అన్నాడు. డ్రైవరు నేల చూపులు చూశాడు.

ఇంటికొచ్చాక అక్క ఎడంచేత్తో దువ్వుకోబోతే దువ్వెన జారింది. తీసిచ్చాడు.

"అలా ఎందుకన్నావక్కా?"

"ముప్పై ఎనిమిదేళ్లు కాపాడుకున్న పేరురా నీది. పోవడానికి నాకేం పేరుంది?"

తిట్టినా బాగుండేది. అక్కని వదిలేసిన ఆ అరచెయ్యి ఎక్కడ దాచుకోవాలో తెలియక తొడ కింద పెట్టుకుని కూర్చున్నాడు.

తెల్లారింది. అల్లుడు బూట్లు తొడుక్కుంటున్నాడు. కూతురు పాపని ఒళ్లో వేసుకుంది. డ్రైవరు వాళ్ల ముందు నిలబడ్డాడు.

"అక్క దిగలేదు. నేనే లాక్కెళ్లాను. కుడికి చూశాను. బండి మీదికొచ్చేసరికి అక్క చెయ్యి వదిలేసి నా ప్రాణం చూసుకున్నాను. పంపిస్తే నన్ను పంపండి."

కూతురు తండ్రి వంక చూడలేదు. లేచి వెళ్లి పాపని మేనత్త ఒళ్లో పడుకోబెట్టింది.

ఆయన పాల సంచి తీసుకుని బయటికి నడిచాడు. రోడ్డు చివర మీట నొక్కాడు. ఎడమకి చూశాడు. బళ్లు లేవు. ఇద్దరు ముగ్గురు ఆయన్ని దాటుకుని వెళ్లిపోయారు. ఆయన ఎర్ర బొమ్మ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.