కూలర్ ముందు ప్రసంగం

కాశిబుగ్గలో కృపానందం నోరు తెరిస్తే మూయడమనేది ఉండదు. చెప్పేవాడికి వినేవాడు లోకువ, అందులోనూ ఆయన చర్చి సంఘ పెద్ద. శుక్రవారం గృహకూడిక ఎవరింట్లో జరిగినా ప్రసంగం ఆయనదే. ఈ మధ్య కూడికలన్నీ తమ్ముడి భార్య దీనమ్మ ఇంట్లోనే పెట్టిస్తున్నాడు. దీనమ్మకు ఎముకల్లో క్యాన్సర్. ప్రసంగానికి అంతకంటే మంచి ఉదాహరణ ఎక్కడ దొరుకుతుంది?

దీనమ్మ కోడలు దివ్యకు ఆయన్ని చూస్తేనే ఒళ్లు మండేది. రోగం ఇక తగ్గదని హనుమకొండ డాక్టర్ దాచకుండా చెప్పాడు. నొప్పి మాత్రం తగ్గించవచ్చని గోలీలు రాసిచ్చాడు. అవి బీరువా మీద అట్లాగే పడి ఉన్నాయి. "బాధ దేవుడిచ్చిన గిన్నె దీనమ్మా, సగం తాగి కింద పెట్టొద్దు" అని కృపానందం ఒక్క మాట అన్నాడు, అంతే. ఆనాటి నుంచి ఆమె పళ్లు బిగబట్టుకునే బతుకుతోంది. కూడికలో లేచి కూర్చుని, ఓర్చుకునే బలమిచ్చిన దేవునికి స్తోత్రమని సాక్ష్యం చెబుతుంది. వచ్చినవాళ్లు కళ్లు తుడుచుకుని, మిర్చి బజ్జీలు తిని, చాయ్ తాగి పోతారు. ఎంత ఆదరణో! ఆ తర్వాత దుప్పటి నోట్లో కుక్కుకుని ఏడ్చే అత్తను చూసేది దివ్య ఒక్కతే.

ఆ మే నెల శుక్రవారం ఎండకు ఇంటి గోడలు కూడా కాలుతున్నాయి. ఉన్నది ఒక్కటే కూలర్, దీనమ్మ మంచం దగ్గర. కృపానందం వచ్చీ రాగానే దాని మూతి తన కుర్చీవైపు తిప్పించుకున్నాడు. ప్రసంగం చేసేవాడికి గొంతు ఆరిపోతుందట! చల్లగా కూర్చున్నాక ఎత్తుకున్నాడు.

"మనిషై పుట్టినంక బాధ తప్పదు. తప్పించుకుందామని చూసుడే పాపం. ఓర్చుకోవాలె."

దీనమ్మ నడుము పట్టుకుని మూలిగింది. చూశారా అన్నట్టు ఆయన అందరికీ ఆమెను చూపించాడు. దివ్య ఓపిక అంతటితో అయిపోయింది. లేచి వెళ్లి కూలర్ ఆపేసింది.

కాసేపటికే పెద్దాయన చొక్కా వీపుకు అంటుకుపోయింది. పాటల పుస్తకంతో విసురుకోసాగాడు. ఓర్పు గురించిన ప్రసంగం తడబడింది.

"కరెంటు పోయిందా?"

"లేదు పెద్దమామయ్యా, నేనే బంద్ చేసిన."

"పిచ్చి లేసిందా నీకు? పెట్టు బిడ్డా, పానం పోతాంది!"

"మనిషై పుట్టినంక బాధ తప్పదని మీరే అంటిరి గద. జర ఓర్చుకోండ్రి" అంది దివ్య.

మంచం మీంచి సన్నగా నవ్వు వినిపించింది. నడుము కలుక్కుమంటున్నా దీనమ్మ నవ్వుతూనే ఉంది.

"అది వేరు, ఇది వేరు" అన్నాడు కృపానందం చిరాగ్గా.

"ఏం వేరు బావా?" నవ్వు ఆపి అడిగింది దీనమ్మ. "గింత ఉక్కకే మీ పానం పోతాంది. నాకు ఈస్టర్ పండుగ కాన్నుంచి ఎముకలు నలుగుతానై. సావు తప్పదు, నాకెరికే. గీ నొప్పి సుత తప్పదని మీరు చెప్తే నమ్మిన సూడుండ్రి, నాదే బుద్ధి తక్కువ."

ఆమె కోడలివైపు చెయ్యి చాపింది.

"దివ్యా, ముందుగాల ఆ గోలీ తే. తర్వాత కూలర్ పెట్టు. మూతి నా దిక్కు తిప్పు."