అంచు కుట్టని గుడ్డ

సొవాన్ అవ్వకు ఎనభై నిండాయి. ఎనభై నిండిన మనిషికి ముందూ వెనకా తెరల్లా వేలాడే ఎర్ర పొడుగు అంగీ, ఆవో జాయ్, తొడిగి, పెద్ద కుర్చీలో కూర్చోబెట్టి, ఇంటిల్లిపాదీ వరసగా వంగి దండం పెట్టడం హనోయ్‌లో ఎవరింట్లోనైనా ఉన్నదే. ఆ దండాల మీద అవ్వకు మోజు లేదు. ఎక్కువసేపు కూర్చుంటే నడుం పట్టేస్తుంది. ఆమెకు కావలసింది ఒక్కటే. తమ్ముడు లుక్ ఆ పూట పల్లె నుంచి రావాలి, పక్కన కూర్చుని ఇంత ముద్ద తినాలి.

లుక్ అక్క గడప తొక్కి చాలా ఏళ్లయింది. వాళ్లమ్మ పోయినప్పుడు అవ్వ కొడుకు హియెప్ పల్లెకు నల్ల కోటు వేసుకుని వచ్చాడు. కోడలు వన్ ఖాన్ నల్ల గౌను, నల్ల కళ్లద్దాలు. బంధువులంతా అంచు కుట్టని ముతక తెల్ల గుడ్డ కట్టుకుని, నుదుటికి తెల్ల పీలిక చుట్టుకుని ఏడుస్తుంటే వీళ్లిద్దరూ దారి తప్పి వచ్చిన దొరల్లా నిలబడ్డారు. కట్టుకోమని గుడ్డ చేతికిస్తే, "గుచ్చుకుంటుంది మావయ్యా, ఈ రోజుల్లో ఇదెవరు కడుతున్నారు" అంది వన్ ఖాన్. శవం లేచాక లుక్ అక్కను పక్కకు పిలిచాడు.

"అమ్మకి మూరెడు గుడ్డ కట్టనోళ్ల ఇంట్లో నేను మంచినీళ్లు కూడా ముట్టను."

ముట్టలేదు.

ఈసారి అవ్వే ఫోన్ చేసింది. "ఒరే, ఇంకోసారి పిలిచే ఓపిక నాకుండదు, వచ్చే ఓపిక నీకుండదు. రా." "చూద్దాంలే" అన్నాడు తమ్ముడు. లుక్ నోట ఆ మాట వచ్చిందంటే సగం బయల్దేరినట్టే.

ఇక వన్ ఖాన్ సంగతి. ఆమెకు బట్టల దుకాణం ఉంది. పాతనీ కొత్తనీ కలపడం తన పని అని చెప్పుకుంటుంది. కలపడమంటే, ఆవో జాయ్‌ని మోకాలి దగ్గర కోసేయడం, చేతులు ఊడదీయడం, వీపున జిప్పు పెట్టడం, కింద జీన్సు తొడగడం. ఒకసారి పూర్వీకులకు ధూపం వేసే పీట మీద పరిచే గుడ్డను తెచ్చి ఎవరి వీపుకో అతికించింది. నగరం ఆడవాళ్లు ఎగబడి కొన్నారు. తల్లులు నిండుగా ఆవో జాయ్ కట్టుకుని సంతకు వెళ్లినన్నాళ్లూ పక్కన నడవడానికి సిగ్గుపడ్డవాళ్లే, ఇప్పుడు సగం కోసిందానికి రెట్టింపు పోసి, దాన్ని సంప్రదాయం అంటున్నారు.

పండగ పొద్దున ఇంట్లోవాళ్లు మేడ దిగి వచ్చారు. అవ్వ చూసింది. అందరికీ ముతక తెల్ల గుడ్డ. అంచు కుట్టలేదు, దారాలు వేలాడుతున్నాయి. నుదుటికి తెల్ల పట్టీ, వెనక రెండు తోకలు. కింద జీన్సు, ఆటల బూట్లు.

"ఏంటమ్మాయ్ ఇది?"

"పల్లె నేత అత్తయ్యా. అంచు కావాలనే వదిలేశాం. అప్పుడే గుడ్డకి ఊపిరాడుద్ది."

"గుడ్డకి ఆడుద్ది. చూసేవాడికి ఆగుద్ది. ఇది ఏడుపు గుడ్డ."

"మీకు అన్నిట్లోనూ చావే కనపడుద్దేంటి అత్తయ్యా?"

"ఎనభై ఏళ్లదానికి ఇంకేం కనపడుద్దే?"

హియెప్ నుదుటి పట్టీ సర్దుకుంటూ మధ్యలో దూరాడు. "ఈ ఒక్క పూటకే అమ్మా. పత్రికవాళ్లు వస్తున్నారు."

"మీ మావయ్య వస్తున్నాడురా. ముందు అవి విప్పండి."

"ఇన్నేళ్లు రానోడు ఇవాళ ఊడిపడతాడా? వచ్చినా మధ్యాహ్నం అవుద్ది. ఈలోపు మార్చేసుకుంటాం."

గొడవ పెట్టుకుంటే తమ్ముడు వచ్చేసరికి ఇల్లు రచ్చరచ్చగా ఉంటుంది. అదొక్కటీ ఆలోచించి అవ్వ నోరు మూసుకుంది. తనకని కుట్టిన తెల్లదాన్ని మాత్రం కాలితో పక్కకు నెట్టి, పెట్టెలోంచి తన ఎర్ర ఆవో జాయ్ తీసి కట్టుకుంది.

అతిథులు వచ్చారు. ఒకామె ఆవో జాయ్‌కి ముందు తెర ఉంది, వెనక తెర లేదు. ఆమె నడిచినంతసేపూ వెనకాల నడవాలా వద్దా అని జనం తటపటాయించారు. ఇంకొకామె తాటాకు టోపీని తిరగేసి, పట్టీ బిగించి, సంచీలా భుజాన వేసుకుంది. ఒక మగమనిషి పైన పట్టు ఆవో జాయ్, కింద చెడ్డీ తొడుక్కుని వెంట్రుకల కాళ్లతో తిరిగాడు. స్నానం మధ్యలో ఇల్లంటుకుంటే అందింది తగిలించుకుని పరిగెత్తిన వాడిలా ఉన్నాడు. వీళ్లంతా ఆ తెల్ల గుడ్డల్ని తడిమి, "ఎంత లోతుందో దీన్లో" అన్నారు. ఎందులో లోతో అవ్వకు తెలియలేదు. గుడ్డ మాత్రం పల్చనిదే.

గేటు పక్కన వన్ ఖాన్ అవ్వ ఫొటో పెట్టించింది. మనిషంత ఫొటో, నలుపూ తెలుపూ, చుట్టూ తెల్ల చామంతులు. రంగులు నాసిరకంగా ఉంటాయని చెప్పింది.

దండాలు మొదలయ్యాయి. లోపల పీట మీద అగరొత్తులు వెలిగించారు. తెల్ల వీపులన్నీ ఒక్కసారిగా వంగాయి.

సరిగ్గా అప్పుడే లుక్ గేటు దగ్గరికి వచ్చాడు. పండగలకు కట్టుకునే నల్ల ఆవో జాయ్ మడతలు చెదరకుండా కట్టుకున్నాడు. చంకలో కాళ్లు కట్టిన కోడిపుంజు. ఫొటో చూశాడు. చామంతులు చూశాడు. పొగ చూశాడు. అంచు కుట్టని గుడ్డల్లో ఇంటిల్లిపాదీ వంగి ఉండటం చూశాడు. కోడి కింద పడింది. గడప మీద కూలబడ్డాడు.

"అక్కా, ఎంత పని చేశావే. రమ్మంది నువ్వే గదే. వస్తున్నాను గదే. ఒక్క పూట ఆగలేకపోయావా? గుడ్డ ముక్క పట్టుకుని ఇన్నేళ్లు పంతం పట్టాను, ఎవరి మీదే నా పంతం, నీ మీదా?"

అతిథులు తిరిగి చూశారు. వాళ్ల కళ్లు మెరిశాయి.

"ఈయన్నెక్కడ పట్టారు? అచ్చం పల్లెటూరాయనే."

"కోడిని కూడా తెచ్చుకున్నాడు, చూడవే."

ఫొటోలు తీసేవాడు మోకాళ్ల మీద కూర్చున్నాడు. "తాతా, కొంచెం ఇటు తిరిగి ఏడు. మొహం మీద వెలుతురు పడట్లేదు."

కుర్చీలో ఉన్న అవ్వకు తెల్ల వీపులు తప్ప ఏమీ కనపడలేదు. గొంతు మాత్రం వినిపించింది. తను పోయిందని తన తమ్ముడు ఏడవడం. కర్ర అందుకుని లేచింది. అడ్డొచ్చిన వీపుల్ని ఆ కర్రతోనే పక్కకు నెట్టుకుంటూ గేటు దాకా వచ్చింది.

"లేవరా. నేనింకా పోలేదు."

లుక్ తలెత్తాడు. ఎర్ర ఆవో జాయ్‌నీ అక్క మొహాన్నీ మార్చి మార్చి చూశాడు. చెయ్యి చాచి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. వెచ్చగానే ఉంది. ముక్కు తుడుచుకున్నాడు. అప్పుడు వెనక నిలబడ్డవాళ్లను చూశాడు. పట్టీలు, జీన్సులు, బూట్లు. ఏడుపు ఆగిపోయింది.

వన్ ఖాన్ నవ్వుతూ ముందుకొచ్చింది. "పొరపాటు పడ్డారు మావయ్యా. ఇది ఫ్యాషన్."

లుక్ ఆమె చొక్కా కింద వేలాడే దారాన్ని రెండు వేళ్లతో పట్టుకున్నాడు. "ఇది గుచ్చుకుంటుందన్నావు గదమ్మా."

"ఇది గుచ్చుకోదు మావయ్యా. ఉతికి ఉతికి మెత్తన చేయించాను."

"మా అమ్మ పోతే గుచ్చుకుంది. మా అక్క బతికుంటే మెత్తబడింది."

హియెప్ పట్టీ లాగేసి జేబులో కుక్కుకున్నాడు. తోక ఒకటి బయటే వేలాడింది. లుక్ కోడిని చంకకెత్తుకున్నాడు.

"నిన్ను చూశాను అక్కా. అంతే చాలు. ఇక్కడ నా గొంతులో ముద్ద దిగదు."

"ఆగు. మీ ఇంట్లో అన్నం ఉందా?"

"ఉంది. నిన్నటి చేపల కూర."

"పద."

హియెప్ దారికడ్డంగా నిలబడ్డాడు. "అమ్మా, ఇంతమంది వచ్చారు. నువ్వు లేకపోతే దండం ఎవరికి పెట్టాలి?"

"ఫొటో ఉందిగా. దానికి పెట్టండి. గుడ్డలు దానికి తగ్గట్టే ఉన్నాయి."

వాళ్లు అంత పనీ చేశారు. ఎదురుగా కెమెరాలున్నాయి మరి. ముసలాయన గడప మీద ఏడుస్తున్న ఫొటో పత్రికలో పెద్దది పడింది. వారం తిరిగేలోపు ఆ తెల్ల గుడ్డలన్నీ అమ్ముడుపోయాయి. ఊళ్లోని సరస్సు చుట్టూ షికార్లు కొట్టే ఆడవాళ్లు నుదుటికి పట్టీలు చుట్టుకుని, దారాలు వేలాడేసుకుని, ఐస్‌క్రీం చీకుతూ తిరిగారు. వాళ్ల తల్లులు ఇళ్లలో టీవీ చూసుకుంటూ నిక్షేపంగానే ఉన్నారు.

బస్టాండు దాకా వచ్చేసరికి అవ్వ కాళ్లు పీకాయి. చూరు కింద ఒకామె గంపలో వేడి జిగురన్నం అమ్ముతోంది. అవ్వ అక్కడే చిన్న పీట లాక్కుని కూర్చుంది. లుక్ నిలబడే ఉన్నాడు.

"కూర్చోరా. ఇది నా ఇల్లు కాదు, వాళ్లదీ కాదు."

కూర్చున్నాడు. గంపామె రెండు ఆకుల్లో అన్నం పెట్టి, పైన వేయించిన ఉల్లిపాయలు చల్లి, చెరో ముక్క పంది మాంసం వేసింది. లుక్ తన ముక్కను అక్క ఆకులో వేశాడు.

"నాకు పళ్లు లేవురా."

"నెమ్మదిగా నములు. మన బస్సుకి ఇంకా టైముంది."

అవ్వ నమలడం మొదలుపెట్టింది.