అర్షియా సన్నగొంతు

కాల్ సెంటర్లు పుట్టగొడుగుల్లా వెలిసిన రోజుల్లో, అమీర్‌పేటలో గొంతులు సానబట్టే దుకాణాలు కూడా ఉండేవి. మంజూషది వాటిలో ఒకటి. ఊపిరితిత్తుల్లోంచి గాలి పైకొస్తుంది, గొంతులోని రెండు పొరలు దగ్గరై సెకనుకు వందలసార్లు కొట్టుకుంటాయి, ఆ మోతనే నాలుకా పెదవులూ కలిసి మాటలుగా మలుస్తాయి అని బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పేది. అన్నీ తెలుసు మహాతల్లికి!

తెలిసి కూడా, తన దగ్గర నేర్చుకోవడానికొచ్చిన అర్షియా గొంతు పాడుచేసింది. ఆ పిల్లది పుట్టుకతోనే బరువైన గొంతు. "ఫోన్లో మగాడనుకుంటారమ్మా, సన్నగా పలుకు" అని మంజూష పట్టుబట్టింది. గొంతు బొంగురుపోతోందని పిల్ల భయపడితే, "ఏం కాదు, వాడేకొద్దీ అదే సాగుతుంది. ఇప్పుడు ఆపితే ఇంటర్వ్యూ పోతుంది" అంది. తన బ్యాచ్‌లో అందరికీ ఉద్యోగాలొచ్చాయని చెప్పుకోవాలనే యావ! ఉద్యోగం వచ్చింది. షిఫ్టంతా ఆ అరువు గొంతుతోనే మాట్లాడి మాట్లాడి, చివరికి అసలు గొంతే పోయింది.

కబురు తెలిసి మంజూష పంజాగుట్టలోని క్లినిక్‌కి పరుగెత్తింది. గొంతులోని ఆ రెండు పొరల మీదా కాయలు కాశాయట, సరిగ్గా కలుసుకోవడం లేదట. వారం దాకా పెదవి విప్పొద్దు, గుసగుస కూడా వద్దన్నాడు డాక్టరు. తగ్గకపోతే ఆపరేషనే. ఆ తర్వాత గొంతు ఎలా వస్తుందో తాను చెప్పలేనన్నాడు.

బయట బెంచీ మీద తల్లి ఖుర్షీదా కూతుర్ని దులిపేస్తోంది. "చూడుండ్రి మేడం! ఎప్పుడు చూసినా దోస్తులతోని ఫోన్ల ముచ్చట్లే. గొంతు పోదా మరి? ఇగ నౌకరీ బంద్. ఇంట్ల కూసుంటది!"

అర్షియా కాదన్నట్టు తల ఊపింది. కళ్ల నిండా నీళ్లు. ఎంత ఆశపడి తెచ్చుకున్న ఉద్యోగం! ఒక్క మాట చెప్పుకుందామంటే పిల్లకు వీల్లేదు. చెప్పగలిగిన మంజూషేమో తల తిప్పుకుంది. ఛీ, నాదీ ఒక బతుకేనా అనుకుంది. అనుకుని కూడా ఇంకాసేపు ఊరుకుంది. ఇన్‌స్టిట్యూట్ పేరు పోతుందని భయం.

ఖుర్షీదా కూతురి చేతిలోంచి ఫోను లాక్కునేసరికి ఇక ఉండబట్టలేకపోయింది.

"ఖుర్షీదా గారూ, పిల్లనేం అనకండి. ఫోను వల్ల కాదండీ. గొంతు బొంగురుపోతోందంటున్నా వినకుండా నేనే సన్నగా మాట్లాడించాను. తప్పంతా నాదేనండీ."

ఖుర్షీదా బెంచీ మీంచి లేచింది.

"మిమ్మల్ని నమ్మి పంపిన కదా మేడం! నా బిడ్డను గిట్ల చేసిండ్రా?"

తిట్టనీ, కొట్టనీ అని మంజూష తల వంచుకుంది. అంతలో అర్షియా చటుక్కున ఇద్దరి మధ్యకూ వచ్చింది.

"అమ్మీ... మేడంకు నక్కో..."

మేడంని ఏమీ అనొద్దని చెప్పబోయింది పిచ్చిపిల్ల. డాక్టరు మాటే మరిచిపోయింది. మొదటి మాట గరగరమంటూ వచ్చింది. తర్వాత వచ్చిందంతా గాలే.

"మాట్లాడకే! నీకు దండం పెడతా, నా కోసం మాట్లాడకే తల్లీ!" అంటూ మంజూష ఏడుస్తూ ఆ పిల్ల నోటిని అరచేత్తో మూసేసింది. ఆ చేతి కింద అర్షియా పెదవులు ఇంకా కదులుతూనే ఉన్నాయి.