నాలుగో బోల్టు

కుట్టుమిషను ముందు కూర్చుంటే మన టైలరు చెయ్యి పువ్వులాంటిది. పదిహేనేళ్లలో అతను విరిచిన సూదులు మూడో నాలుగో, అంతే. అలాంటి చేతికి అత్తారింటి గుమ్మం దాటగానే ఏం మాయరోగం వస్తుందో ఏమో! పెళ్లైన ఏడాదే కుళాయి తిప్పితే పిడి ఊడి చేతికొచ్చింది. తర్వాత గొడుగు. ఆ తర్వాత మడత కుర్చీ, అదీ అతను కూర్చుని ఉండగానే.

ప్రతిసారీ మామగారిది ఒకటే పాట. "చూడవయ్యా, ఇరవై ఏళ్లుగా ఈ ఇంటి పనిముట్లన్నీ నా చేతిమీదే నడుస్తున్నాయి. ఒక్క బోల్టు విరగలేదు!"

పన్నెండేళ్లుగా అది విని విని టైలరుకి ఒకటే కోరిక మిగిలింది. పోయేలోగా ఆయన చేత ఒక్కసారి శభాష్ అనిపించుకోవాలి. ఎవరు పోయేలోగా అన్నది మాత్రం అతనింకా తేల్చుకోలేదు.

అవకాశం గడ్డి కోసే మిషను రూపంలో వచ్చింది. ఇంజను స్టార్ట్ చేయడానికి లాగే తాడు పీచులు పీచులుగా ఊడిపోయింది. తాడూ దారమూ తన సొంత శాఖే కదా అని, నేను మారుస్తానంటూ టైలరు ముందుకు దూకాడు. మామగారు మిషన్ని బిడ్డని అప్పగించినట్టు అప్పగించారు.

"నాలుగింటికి గడ్డి కొయ్యాలి. ఇదీ విరిగిందంటే నా పనిముట్ల గది ఛాయలకి రాకు, ఏమయ్యా!"

తాడు మార్చాలంటే పైమూత విప్పాలి. మూతకి నాలుగు బోల్టులు. మూడు బుద్ధిగా ఊడొచ్చాయి. నాలుగోదాని మీద స్పానరు ఆనించి చంటిపిల్ల చెవి పట్టుకున్నంత మెల్లగా తిప్పాడో లేదో, టిక్కుమని తల ఊడి ఒళ్లో పడింది. టైలరు పైప్రాణాలు పైనే పోయాయి. 

ఆ తర్వాత మిషను మీద దుప్పటి కప్పి, రెండు వీధుల అవతల ఉన్న మరదలి షెడ్డుకి తోసుకుంటూ పరిగెత్తాడు. నీళ్ల మోటార్లు, మందు కొట్టే పంపులు, ఇలాంటి చిన్న ఇంజన్లన్నీ ఆమె బాగుచేస్తుంది.

"ఏంటి బావా, శవాన్ని తెచ్చినట్టు కప్పి తెచ్చావు?"

"నవ్వకు తల్లీ. మీ నాన్నది."

మరదలు నవ్వు ఆపింది. ఆపి, ఈసారి రెట్టింపు నవ్వింది.

"ఒట్టు, మెల్లగానే తిప్పాను!"

"అందరూ అదే చెప్తారు. గట్టిగా తిప్పినవాడు నా షెడ్డుకి ఇంతవరకూ ఒక్కడూ రాలేదు."

లోపల ఇరుక్కున్న ముక్కని వైరు బ్రష్షుతో తోమి, టార్చి వేసి చూసింది. ఉన్నట్టుండి ఆమె నవ్వు పోయింది.

"ఇప్పుడే విరిగితే ఇనుము మెరవాలి కదా. ఇది తుప్పుపట్టి నల్లగా ఉందేంటి? ఆ తల ఇటివ్వు." తిరగేసి చూస్తే కింద పసుప్పచ్చగా ఎండిపోయిన బంక. "బావా! నువ్వు విరిచింది బోల్టు కాదు, బంక. ఇదెప్పుడో విరిగింది. కనపడకుండా ఎవరో తల అతికించారు. ఇన్నాళ్లూ మూత మోసింది మిగతా మూడే."

"మీ నాన్న తప్ప ఈ మిషన్ని ఎవరూ ముట్టుకోరు," అన్నాడు టైలరు నెమ్మదిగా.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బల్ల మీది నట్లు గలగలలాడేలా నవ్వారు. కానీ నవ్వు తగ్గాక టైలరుకి ఒళ్లు మండింది. పన్నెండేళ్లు! ఎన్ని మాటలు పడ్డాడు!

"కోపం తర్వాత. ముందు ముక్క బయటికి రావాలి," అంది మరదలు. నూనె పోసి, నానబెట్టి, సుత్తితో చిన్నగా తట్టింది. "సరిగ్గా నడిమధ్యన డ్రిల్లు పెట్టాలి. వెంట్రుకవాసి పక్కకి పోయినా చుట్టూ బోల్టు బిగుసుకునే మర పాడవుతుంది. గుండీలకి గుర్తులు పెట్టే కన్ను నీది. నువ్వే పెట్టు."

టైలరు జేబులోంచి సుద్దముక్క తీసి, బ్లేడుతో మొన చెక్కి, ఊపిరి బిగబట్టి చుక్క పెట్టాడు. అదే చుక్క మీద ఆమె ఎడమవైపు తిరిగే డ్రిల్లు నడిపింది. డ్రిల్లు లోపలికి దిగి ముక్కని కరుచుకుంది. మరుక్షణం ముక్క కూడా దాంతోపాటే ఎడమకి తిరుగుతూ పైకి లేచొచ్చింది.

కొత్త బోల్టు, కొత్త తాడు పడ్డాయి. మరదలు ఆ ముక్కని టైలరు చేతిలో పెట్టింది. "నాన్న నోరెత్తగానే ఆయన అరచేతిలో పెట్టు."

ఏమనాలో టైలరు దారి పొడుగునా వల్లెవేసుకున్నాడు.

నాలుగింటికి మామగారు వచ్చారు. తాడు వంక కూడా చూడలేదు. ఆయన చెయ్యి తిన్నగా నాలుగో బోల్టు మీదికే పోయింది. గోటితో గీకి చూశారు. స్పానరు పెట్టి చూశారు. అది కదల్లేదు. ఆయన మొహంలో నెత్తుటి చుక్క లేదు.

టైలరు జేబులో ముక్కని గుప్పిట పట్టాడు. మాట గొంతు దాకా వచ్చింది. కానీ ఆ మొహం అతనికి బాగా తెలుసు. కుర్చీ విరిగిన రోజు అద్దంలో చూసుకున్నది అదే. పాపం అనిపించింది.

"తాడు మార్చాను మామగారూ. అంతే," అన్నాడు.

 మామగారు వంటింటి వైపు, అత్తగారున్న వైపు, ఓ చూపు విసిరి దగ్గరికొచ్చారు.

"అల్లుడూ," అన్నారు గుసగుసగా. పన్నెండేళ్లలో ఆయన అలా పిలవడం అదే మొదలు. "నీళ్ల మోటారుకి కూడా అలాంటిదే ఒకటుంది."

టైలరు కనుబొమలు పైకి లేపాడు.

"రెండు," అన్నారు మామగారు.

టైలరు జేబులో ముక్కని వదిలేసి, సుద్ద బయటికి తీశాడు. "పదండి, చూపించండి."