సబ్బు ప్రకటన మధ్యలో ఖాళీ

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా అమ్మ అంటుంది. పరిశోధనకు విషయం ఎంచుకోమన్నప్పుడు నేను ఆ కోపాన్నే ఎంచుకున్నాను. నేను పుట్టకముందు మా ఊరి బట్టల మిల్లులో బాయిలర్ పేలింది. అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు, అంటే మా మామయ్య, ఆ బాయిలర్ దగ్గరే పనిచేసేవాడు. ఆయన చెప్పులు ఇంటికి వచ్చాయి, ఆయన రాలేదు. ఇంకెందరు పోయారో ఈ రోజుకీ సరైన లెక్క లేదు. మిల్లు వార్త ఏదైనా సరే, ముందు అధికారులకు చూపించి, వాళ్ళు ఊ అంటేనే అచ్చు వేయాలని అప్పట్లో ఆజ్ఞ. ఆ ప్రమాదం గురించి ఏ పేపరు ఎంత రాసింది, ఎన్నాళ్ళు రాసింది అన్నది నా పరిశోధన.

పేపర్లో వార్తను కొలవడానికి స్కేలు చాలు. కాలమ్ పొడవునా ఎన్ని సెంటీమీటర్ల చోటు ఇచ్చారో చూసి కూడుకుంటూ పోతాం. పాత పేపర్లన్నీ స్కాన్ చేసి కంప్యూటర్లో పెట్టారు కాబట్టి నాకు ఆ స్కేలు అవసరం కూడా పడలేదు. ‘మిల్లు’, ‘బాయిలర్’ అని కొడితే వార్తలు వాటి కొలతలతో సహా వచ్చి నిలబడేవి. పెద్ద పేపరు ‘మిల్లులో స్వల్ప ప్రమాదం, ఉత్పత్తికి అంతరాయం లేదు’ అని రాసింది. నూలు కండెల క్షేమసమాచారం మీద ఎంత శ్రద్ధో! చదివినప్పుడు నాకు కడుపు మండింది. అయినా అది ఏదో ఒకటి రాసింది. ఊళ్ళో అందరూ చిన్న పేపరని పిలిచేది మాత్రం ఒక్క అక్షరం రాయలేదు. మర్నాడు లేదు, ఆ వారం లేదు, ఆ తర్వాత ఎన్నడూ లేదు. నా పట్టికలో దానికి సున్నా వేశాను.

ఆ సున్నా మీద ఒక అధ్యాయమే రాసేశాను. ‘నోరులేని పేపరు’ అని పేరు కూడా పెట్టుకున్నాను. శుక్రవారం మా విభాగం సదస్సులో దాన్ని చదవాలి. అమ్మను ముందు వరుసలో కూర్చోబెట్టి, తమ్ముడి చావును మింగేసినవాళ్ళను కూతురు కడిగిపారేస్తుంటే ఆమె చెవులారా వినాలని నా కోరిక.

“ఇంతకీ ఏ పేపరునే తిట్టేది?” అని అమ్మ ఓసారి అడిగింది.

“వింటావుగా, తొందరేం?” అన్నాను గొప్పగా.

మా గైడును మేమంతా చాటుగా తూకం మేడమ్ అంటాం. ఏ మాటనైనా తూచిగానీ బయటికి వదలరు, మమ్మల్నీ వదలనివ్వరు. నా అధ్యాయం చదివి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. అలా పెట్టారంటే నాకు మూడినట్టే.

“సున్నా అంటున్నావు. కాగితం చూశావా?”

“కంప్యూటర్లో అంతా వెతికాను మేడమ్.”

“అందులో అక్షరాలు వెతికావు. కాగితం చూశావా అని అడుగుతున్నాను.”

“అందులో లేనిది కాగితంలోకి ఎక్కడినుంచి వస్తుంది మేడమ్?”

“రాకపోతే మంచిదేగా. వెళ్ళి చూసి, అప్పుడు తిట్టు. ఇంకా గట్టిగా తిట్టొచ్చు.”

సణుక్కుంటూ గ్రంథాలయం వెనక గదికి వెళ్ళాను. ఏడాదికో సంపుటం చొప్పున బైండు చేసిన పేపర్లు ఇనుప అరల్లో పడుకోబెట్టి ఉన్నాయి. ఒక్కోటి పసిపిల్లంత బరువు. తాళాలు తీసిన పెద్దాయన “మెల్లిగా తిప్పమ్మా, వాటిలో చాలా నీకంటే పెద్దవి” అని చెప్పి వెళ్ళిపోయాడు.

ప్రమాదం మర్నాటి పేపరు తీశాను. మొదటి పేజీలో ఏమీ లేదు. రెండో పేజీలో ఎడమనుంచి రెండో కాలమ్ మధ్యలో జానెడు పొడవున తెల్లగా ఉంది. పైన ఏదో సభ వార్త, కింద ధాన్యం ధరలు, మధ్యలో ఒక్క చుక్క సిరా లేదు. వార్త సిద్ధం చేశాక, చివరి నిమిషంలో ఎవరో తీసేయించారన్నమాట. కంప్యూటర్ వెతికేది అక్షరాలనే కదా, ఖాళీని ఎక్కడ పట్టుకుంటుంది? పోనీలే, భయపడినా ఆ చోటును ఇంకో చెత్తతో నింపలేదు అనుకున్నాను. నా కోపం ఒక మెట్టు దిగింది, అంతకు మించి దిగలేదు.

మరుసటి ఏడాది సంపుటం ఎందుకు తీశానో ఇప్పటికీ చెప్పలేను. అదే తేదీ తిప్పాను. రెండో పేజీ, ఎడమనుంచి రెండో కాలమ్. మళ్ళీ జానెడు ఖాళీ.

గబగబా ఆ తర్వాతి ఏడాదిది తీశాను. ఉంది. దాని తర్వాతిదీ తీశాను. అందులోనూ ఉంది. స్కేలు పెట్టి చూస్తే వెంట్రుకవాసి తేడా లేదు.

ఒక ఏడాది ఆ పేజీ మొత్తాన్ని ఒక సబ్బుల కంపెనీ కొనేసుకుంది. ఇక్కడితో కథ కంచికే అనుకున్నాను. నిండుపేజీ బొమ్మలో నురగలో మునిగిన అమ్మాయి నవ్వుతోంది. ఆ అమ్మాయి భుజాన్ని చెక్కేస్తూ, సబ్బు పేరులో చివరి అక్షరాన్ని సగానికి కోసేస్తూ, అదే చోట అదే కొలతలో తెల్లటి ఖాళీ ఉంది. కంపెనీవాళ్ళు ఎంత గోల చేసి ఉంటారో! వాళ్ళను ఏం చెప్పి ఒప్పించారో, అసలు చెప్పకుండానే వేసేశారో!

కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. మిగతావన్నీ నిలబడే చూశాను, కూర్చుని చూడబుద్ధి కాలేదు. సీసపు అక్షరాలు పోయి కంప్యూటర్ అక్షరాలు వచ్చాయి. కాలమ్‌ల వెడల్పు మారింది, పేజీలకు రంగులు వచ్చాయి, యజమాని మారాడు, సంపాదకులు మారారు. ఆ ఖాళీ పొడవు మాత్రం మారలేదు. మొదటి రోజు వార్తను తీసేసినవాళ్ళలో ఒక్కరూ ఇప్పుడు అక్కడ ఉండరు. అయినా ప్రతి ఏడూ ఎవరో ఒకరు కొత్తగా చేరినవాళ్ళకు చెబుతూనే ఉన్నారు, ఈ రోజు ఇక్కడ ఏమీ పెట్టకండి అని.

ఆజ్ఞ ఎప్పుడో రద్దయింది, తర్వాత రాయొచ్చుగా అని నా కోపం ఒక్కసారి తల ఎత్తింది. ఏమని రాస్తారు? మామయ్యలాంటి ఊరివాళ్ళ పేర్లు అందరికీ తెలుసు. ఎక్కడెక్కడినుంచో రోజుకూలికి వచ్చినవాళ్ళ పేర్లు మిల్లు ఎన్నడూ బయటపెట్టలేదు. కొందరిని రాసి కొందరిని వదిలేయడం మనసొప్పక కాబోలు, అందరికీ కలిపి ఆ చోటే ఉంచేశారు. ఇంతమంది ఇన్నేళ్ళు ఒకరి చేతినుంచి ఒకరు అందుకుంటూ కాపాడింది ఒక వార్తను కూడా కాదు, దాని చోటును. నేను చేతులెత్తి దణ్ణం పెట్టాను. గదిలో ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది.

ఆ ఖాళీ మీద అరచెయ్యి ఆనించినప్పుడు, ఈ కొలత నాకు ముందే తెలుసనిపించింది. చిన్నప్పుడు అమ్మ చీరల పెట్టె అడుగున తెల్ల కాగితపు ముక్కల బొత్తి దొరికితే, పైముక్క మీద ఆకుపచ్చ చిలకను వేశాను. ఎన్నడూ చెయ్యెత్తని అమ్మ చెంప ఛెళ్ళుమనిపించింది. ఆ తర్వాత తనే గోడవారన కూలబడి ఏడ్చింది. చిత్తు కాగితానికి అంత దెబ్బా అని చాలా ఏళ్ళు మనసులో పెట్టుకున్నాను.

సంపుటాలు ఎక్కడివక్కడ పెట్టేసి ఇంటికి పరుగెత్తాను. అమ్మ ఆరిన బట్టలు మడత పెడుతోంది.

“అమ్మా, నీ పెట్టెలో కాగితాలు... చిన్న పేపర్లోవేనా?”

అమ్మ చేతిలో తువ్వాలు మడత సగంలో ఆగిపోయింది. “నీకెవరు చెప్పారే?”

“నీకెవరు చెప్పారు, అది మామయ్య కోసమని?”

“ఒకరు చెప్పాలా? మొదటిసారి చూసినప్పుడు, పాపం భయపడ్డారులే అనుకున్నాం. మళ్ళీ ఏడు అదే రోజున, అదే చోట కనబడేసరికి మీ అమ్మమ్మ ఆ పేపరు గుండెలకు హత్తుకుని ‘నా బిడ్డను ఎవరూ మర్చిపోలేదే’ అని ఏడ్చింది. అప్పటినుంచి కత్తిరించి దాస్తున్నాం.”

“మరి నాకెందుకు చెప్పలేదు?”

“ఖాళీ కాగితం చూపించి ఏం చెప్పమంటావే? అయినా నువ్వు వినే రకానివా?”

శుక్రవారం తిట్టబోయింది ఆ పేపరునేనని ఎలాగో చెప్పాను.

“తిట్టేశావా?”

“లేదమ్మా. ఇంకా లేదు.”

అమ్మ ఊపిరి వదిలి, లేచి వెళ్ళి బొత్తి తెచ్చి మంచం మీద పరిచింది. నేను స్కేలు తీసి ఒక్కోదాన్నీ కొలుస్తూ కూడుతూ పోయాను. పెద్ద పేపరు ‘స్వల్ప ప్రమాదాన్ని’ ఎప్పుడో దాటేశాను. కాసేపటికి ఊళ్ళో పేపర్లన్నీ కలిపి రాసినదాన్ని కూడా దాటేశాను. నా పట్టికలో సున్నాతో అట్టడుగున పడి ఉన్న పేపరు అన్నిటికంటే పైకి ఎక్కి కూర్చుంది.

చివరికి చిలక బొమ్మ ఉన్న ముక్క చేతికొచ్చింది. దాన్ని పక్కన పెట్టాను.

“అదెందుకు వదిలేశావు?” అంది అమ్మ.

“నేను పాడుచేశానుగా. అది ఖాళీ కాదు కదమ్మా.”

“పాడేంటే? మేనకోడలు పుడితే ఒళ్ళోంచి దించనని అంటుండేవాడు మీ మామయ్య. ఆ రోజు నాకు తోచక కొట్టానుగానీ, నువ్వు ఆడుకుంది వాడి ఒళ్ళోనే కదా. కొలువు.”

కాగితం కదలకుండా అమ్మ ఒక కొస పట్టుకుంది. నేను స్కేలు ఆనించి చిలకతో సహా కొలిచాను.